వరసలో మొదటి పతకం

గురజాల బస్టాండు దాటి మాచర్ల రోడ్డు మీద నాలుగడుగులు వేస్తే చెన్నకేశవులు పిండి మర కనిపిస్తుంది. ఊళ్ళో అందరూ దాన్ని మిలట్రీ మర అనే అంటారు. పదిహేడేళ్ళు ఫిరంగుల రెజిమెంటులో పనిచేసి, హవల్దారుగా రిటైరయి వచ్చి చెన్నకేశవులు ఆ మర పెట్టాడు. పేరుకు మర ఆయనదే గాని, పొద్దున్నే షట్టరు ఎత్తేదీ, జొన్నల్లో రాళ్ళున్నాయని వచ్చినవాళ్ళతో పోట్లాడేదీ, సాయంత్రం కారం ఘాటుకి తుమ్ముకుంటూ తాళం వేసేదీ ఆయన భార్య నాంచారమ్మే. చెన్నకేశవులు మోటారు చూసుకుంటాడు, బస్తాలు దించుతాడు, బల్ల మీద ఎడంపక్కకి ఒరిగి కూర్చుని పేపరు చదువుతాడు. ఆ ఒరిగి కూర్చోవడం ఎందుకో నాంచారమ్మకీ, దగ్గరి చుట్టాలకీ తప్ప ఊళ్ళో ఎవరికీ తెలియదు. ఎవరన్నా అడిగితే నడుంనొప్పి అంటాడు.

జూలై మొదటివారంలో ఒకరోజు ఆయన ఫోనుకి మెసేజి వచ్చింది. జిల్లా మాజీ సైనికుల సంఘంవాళ్ళు పంపారు. ఇరవయ్యారో తారీఖున నరసరావుపేటలో కార్గిల్ విజయ దినం చేస్తున్నారట. ఆ యుద్ధంలో పనిచేసినవాళ్ళందరూ కోటు మీద పతకాలు పెట్టుకుని, భార్యలతో సహా రావాలట.

"ఏమే, నిన్ను గూడా రమ్మన్నారు," అన్నాడు చెన్నకేశవులు, పెళ్ళిపిలుపు వచ్చినంత సంబరంగా.

"అయితే నీ కోటు తీసి చూడు. పోయినేడే చెదలు పట్టేట్టుండింది," అంది నాంచారమ్మ.

ఇంటికెళ్ళి ట్రంకుపెట్టె తెరిచారు. కోటు బాగానే ఉంది. పతకాలు మాత్రం చేతిరుమాల్లో చుట్టి ఉన్నాయి, వాటి రిబ్బన్లు వెలిసిపోయి ఏది ఏ రంగో తెలియకుండా ఉన్నాయి, పిన్నులు తుప్పుపట్టాయి. నాంచారమ్మ వాటిని మంచం మీద వరసగా పేర్చి లెక్కపెట్టింది. ఆరు.

"ఏడోది ఏదయ్యా?"

"పోయింది."

"ఏడ పోయింది?"

"పోయిందంటే పోయిందే. పోయినదాన్ని ఏడుందో చెప్తే అది పోయినట్టెట్టా అయిద్ది?" అని చెన్నకేశవులు కోటు దులపడానికి వరండాలోకి వెళ్ళిపోయాడు.

ఏడో పతకం ఎక్కడుందో నాంచారమ్మకి తెలుసు. మరలో నట్లు, బోల్టులు, బెల్టు హుక్కులు వేసే రేకు డబ్బా అడుగున గ్రీజు గుడ్డలో చుట్టి ఉంది. హుక్కు కోసం చెయ్యి పెట్టినప్పుడల్లా అది వేళ్ళకి తగులుతూనే ఉంటుంది.

అది యుద్ధంలో గాయపడినవాళ్ళకి ఇచ్చే పతకం. అది నట్ల డబ్బాలోకి చేరడానికి కారణం నాంచారమ్మ సొంత తమ్ముడు శివాజీ.

తొంభైతొమ్మిదిలో చెన్నకేశవులు రెండు నెలలు మిలటరీ ఆసుపత్రిలో ఉండి, సెలవు మీద ఇంటికొచ్చాడు. నాంచారమ్మకి అప్పటికి పెళ్ళయి రెండేళ్ళు. కుడి పిర్ర మీద అరచెయ్యంత గాయం, ఇంకా పూర్తిగా మానలేదు. రోజూ వేడినీళ్ళతో కడిగి కట్టు కట్టేది. ఆయన బోర్లా పడుకుని సిగ్గుతో దిండులో మొహం పెట్టుకునేవాడు. ఎట్లా తగిలిందంటే, షెల్లు పడింది అన్నాడు. అంతే.

కార్తీకంలో కారెంపూడి వీరుల తిరునాళ్ళకి చుట్టాలంతా కలిశారు. రొమ్మున దెబ్బ తిన్న వీరుల గురించి రాత్రింబగళ్ళు పాడుకునే చోటు అది. ఇరవయ్యేళ్ళ శివాజీ కాస్త కల్లు తాగి ఉన్నాడు. పదిమందిలో బావ భుజం మీద చెయ్యి వేసి, "పల్నాటోడికి దెబ్బ రొమ్ము మీద తగలాల. మా బావకేమో ఎనక తగిలింది. ఎటు ఉరుకుతుంటే తగిలింది బావా?" అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. చెన్నకేశవులు కూడా నవ్వాడు. ఏడాది తర్వాత పతకం వస్తే, తెల్ల రిబ్బను మధ్య ఎర్రచార ఉన్న ఆ పతకాన్ని ఒకసారి చూసి దాచేశాడు. ఆ తర్వాత ఏ పంద్రాగస్టుకీ దాన్ని పెట్టుకోలేదు.

ట్రంకుపెట్టె తెరిచిన మర్నాడు భార్యాభర్తలిద్దరూ కోటూ, పతకాలూ పట్టుకుని నరసరావుపేట వెళ్ళారు. బస్టాండు వెనక షకీలా టైలరు షాపు ఉంది. పోలీసులకీ, ఎన్‌సీసీ పిల్లలకీ యూనిఫారాలు కుట్టే షాపు అది. షకీలా తండ్రి అబ్దుల్ రహీమ్ ఒకప్పుడు సికింద్రాబాదులో మిలటరీ టైలరు. పతకాలన్నిటినీ ఒకే పట్టీ మీద, ఒకదాని అంచు మీద ఇంకోటి వచ్చేట్టు కుట్టే పని ఆయన దగ్గరే ఆమె నేర్చుకుంది.

"వరస తప్పకూడదంకుల్. ఏది ముందో ఏది వెనకో రూలుంది. మీ డిశ్చార్జి బుక్కు జిరాక్సు ఇవ్వండి, చూసి కుడతా," అంది.

జిరాక్సు చూసింది, పతకాలు చూసింది, మళ్ళీ జిరాక్సు చూసింది.

"ఇందులో ఏడున్నాయి కదంకుల్?"

"ఒకటి పోయిందమ్మా," అన్నాడు చెన్నకేశవులు, గోడ మీదున్న కొలతల చార్టు చదువుతూ.

మూడురోజుల తర్వాత నాంచారమ్మ మర బెల్టు అరిగిందనీ, మంచిది నరసరావుపేటలోనే దొరుకుతుందనీ చెప్పి ఒక్కతే బస్సెక్కింది. పిడుగురాళ్ళలో బస్సు మారేటప్పుడు సంచిలో చెయ్యి పెట్టి రెండుసార్లు తడిమి చూసుకుంది. నిజంగానే ఒక బెల్టు కొని, ఆ తర్వాత షకీలా షాపుకి వెళ్ళి గ్రీజు గుడ్డ విప్పి బల్ల మీద పెట్టింది.

షకీలా కళ్ళజోడు పైకి తోసుకుంది. "పోయిందన్నారుగా అక్కా?"

"ఆయనకి పోయింది. నాకు దొరికింది."

రిబ్బను నల్లగా జిడ్డుపట్టి ఉంది. షకీలా పతకాన్ని మెత్తటి గుడ్డతో తుడిచింది. "రిబ్బను పనికిరాదు. మా నాన్నకి తెలిసిన షాపుంది, కొరియర్‌లో తెప్పిస్తా. ఇది వరసలో మొదటిదక్కా. అన్నిటికంటే ముందు ఇది రావాల, మిగతా ఆరూ దీని తర్వాతే. ఇంతకీ అంకుల్‌కి దెబ్బ ఎక్కడ తగిలింది?"

నాంచారమ్మ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించి చెప్పింది. షకీలా పెదాలు బిగబట్టుకుంది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అంతే, ఆపుకోలేక నవ్వు. షకీలా కుట్టుమిషను మీద తల వాల్చి నవ్వింది. నాంచారమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది.

"దెబ్బ వెనకదైనా పతకం ముందుదేలే అక్కా," అంది షకీలా ఊపిరి తీసుకుని. "అవునూ, ఎట్టా తగిలింది?"

నాంచారమ్మ చెప్పబోయి ఆగిపోయింది. చెప్పడానికి ఆమె దగ్గర ఏమీ లేదు. కట్టు కట్టింది, మచ్చ ఎంత పొడవుందో, ఎక్కడ మెలిక తిరిగిందో కళ్ళు మూసుకుని చెప్పగలదు. వానాకాలం అక్కడ సలుపుతుందని తెలుసు, వేడి ఇటుక గుడ్డలో చుట్టి ఇస్తుంది. కానీ ఆ క్షణాన ఆయన ఏం చేస్తున్నాడో ఇరవయ్యారేళ్ళలో ఒక్కసారి అడగలేదు. కారెంపూడి మాట తర్వాత అడిగితే బాధపడతాడని ఊరుకుంది.

మర్నాడు మరలో ఎవరూ లేని సమయం చూసి అడిగింది. "ఏమయ్యా, దెబ్బ తగిలిన రోజు నువ్వేం చేస్తన్నావు?"

చెన్నకేశవులు ఆమె వైపు చూశాడు. లేచివెళ్ళి మోటారు స్విచ్చి వేశాడు. మర గడగడలాడింది. ఆ చప్పుడులో ఎవరి మాట ఎవరికీ వినపడదు. మరలో గింజ లేదు, వట్టిమర తిరుగుతోంది. కాసేపు అట్లాగే నిలబడి, కరెంటు దండగని ఆమే వెళ్ళి ఆపింది.

ఆ వారమంతా నాంచారమ్మ మనసులో ఒక పురుగు తొలిచింది. నిజంగానే ఉరికాడా? శివాజీ ఎగతాళిగా అన్నదే నిజమా? అందుకే నోరు విప్పడా? జొన్నలు పోస్తూ అదే ఆలోచన, పిండి ఎత్తుతూ అదే ఆలోచన. చివరికి ఒక పొద్దున పళ్ళు తోముకుంటూ ఉండగా తేల్చుకుంది. ఉరికితే ఉరికాడు. పైనుంచి నిప్పు కురుస్తుంటే కాళ్ళున్న ఏ మనిషైనా ఉరుకుతాడు. రక్తమైతే కారిందిగదా, కట్టు కట్టింది తనేగదా! వెంటనే షకీలాకి ఫోను చేసి, "కుట్టెయ్యమ్మాయ్, మొదట్లోనే కుట్టు," అంది.

ఇరవయ్యారో తారీఖు పొద్దున శివాజీ తన కారు తీసుకొచ్చాడు. ఇప్పుడతను మండలంలో చిన్న నాయకుడు. ఎక్కడ ఏ సభ జరిగినా ముందువరసలో కూర్చునే మనిషి. బావ కోసం నరసరావుపేటలో కల్యాణమండపం ముందు పెద్ద ఫ్లెక్సీ కట్టించి, దాని ఫొటో ఫోనులో చూపించాడు. అందులో చెన్నకేశవులు ఫొటో కంటే శివాజీ ఫొటో కొంచెం పెద్దది.

"చూశావా బావా, నీ పేరు ఎంత లావు అక్షరాలతో ఏయించానో!"

"నీ పేరు అంతకంటే లావుగా ఉందిరా," అన్నాడు చెన్నకేశవులు.

దారిలో షకీలా షాపు దగ్గర ఆగి కోటు తీసుకున్నారు. షకీలా దాన్ని జిప్పు ఉన్న నల్ల కవరులో పెట్టి, "అక్కడికెళ్ళాకే తీయండంకుల్, దుమ్ము పడుద్ది," అని నాంచారమ్మ వైపు చూడకుండా ఇచ్చింది. మండపం చేరేసరికి లోపల ఈల వేశారు. అందరూ వరసలో నిలబడాలట. చెన్నకేశవులు హడావుడిగా చేతులు చాపాడు. నాంచారమ్మ కోటు తొడిగింది. ఆయన తల వంచబోతే గడ్డం కింద వేలు పెట్టి పైకెత్తింది.

"తలెత్తు. కాలరు సర్దాల."

"అయిందా?"

"ఇంకా కాలా. కిందకి చూడబాక, మడత పడుద్ది. ఇంక పో."

ఆయన పోయాడు. నాంచారమ్మ వెళ్ళి, ముందువరసలు దొరక్క మూడో వరసలో కూర్చున్న తమ్ముడి పక్కన కూర్చుంది.

వేదిక ముందు పద్ధెనిమిదిమంది బారుగా నిలబడ్డారు. ముఖ్య అతిథి రిటైరయిన కల్నలు, సొంతూరు సత్తెనపల్లి. డెబ్బైయేళ్ళ మనిషి, తాటిచెట్టులా నిటారుగా ఉన్నాడు. మైకు చేత్తో పట్టుకుని ఒక్కొక్కరి దగ్గరా ఆగి పేరు, రెజిమెంటు, ఎక్కడ పనిచేశారో అడిగి జనానికి చెబుతున్నాడు. కల్నలు చెన్నకేశవులు ముందుకి వచ్చి ఆగాడు. పతకాల వరస మీద ఆయన చూపు ఆ చివర నుంచి ఈ చివరికి వచ్చి, మొదటి పతకం దగ్గర నిలిచిపోయింది. మడమలు దగ్గరికి చేర్చి సెల్యూట్ చేశాడు.

చెన్నకేశవులు కంగారుగా తనూ సెల్యూట్ చేశాడు. తనకంత పెద్ద సెల్యూట్ ఎందుకో అర్థంగాక అప్పుడు కిందకి చూసుకున్నాడు. తెల్ల రిబ్బను, మధ్యలో ఎర్రచార. కొత్తది, ధగధగలాడుతోంది. ఆయన తల ఎత్తి సరిగ్గా మూడో వరసలోకి చూశాడు. నాంచారమ్మ చూపు తిప్పుకోలేదు. గడ్డం ఇంకొంచెం పైకెత్తింది.

"ఎక్కడ తగిలింది హవల్దార్?" అన్నాడు కల్నలు.

మండపమంతా వింటోంది.

"వెనక, సాబ్."

"వెనకంటే?"

"కూర్చునే చోట, సాబ్."

మైకులో ఆ మాట మండపం మూలమూలకీ వెళ్ళింది. వెనకవరసల్లో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు ముందుకి పాకింది. అందరికంటే గట్టిగా నవ్వింది శివాజీయే. కల్నలు మాత్రం నవ్వలేదు. నవ్వు సద్దుమణిగేదాకా ఆగాడు.

"అప్పుడు నువ్వేం చేస్తున్నావు?"

నాంచారమ్మ కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది. ఇక్కడ మోటారు స్విచ్చి లేదు.

"ద్రాస్ దగ్గర సాబ్," అని మొదలుపెట్టాడు చెన్నకేశవులు. "మా గన్ను పక్కనే వాళ్ళ షెల్లు పడింది. మురుగేశన్ అని వేలూరోడు, మా గన్ను మీదే పనిచేసేవాడు. తొడ ఎముక ఇరిగి పడిపోయాడు. పక్కన మందుపెట్టెలు అంటుకున్నయ్. ఇంకాసేపుంటే పేల్తయ్. వాడి చంకల్లో చేతులేసి ఎనక్కెనక్కి లాగుతున్నా. వాడు నాకంటే లావు సాబ్. అప్పుడు ఇంకో షెల్లు పడింది." తనే నవ్వాడు. "ఒంగి లాగేవోడికి ఏది పైకుంటే దానికే గదా సాబ్ తగిలేది!"

మండపం ఘొల్లుమంది. ఈసారి కల్నలు కూడా తల వెనక్కి వాల్చి నవ్వాడు.

"మరి అతన్ని వదిలేశావా?"

"లేదు సాబ్. రాళ్ళ చాటుకి లాగినాకే చూసుకున్నా. ప్యాంటు తడిసింది. భయానికి తడిసిందేమో అనుకున్నా. తీరా చూస్తే రక్తం. అమ్మయ్య, రక్తమేలే అనుకున్నా."

జనం నవ్వుతూనే చప్పట్లు కొట్టారు. చప్పట్లు కొడుతూ ముందువరసలో ఒకాయన లేచి నిలబడ్డాడు, ఆయన్ని చూసి పక్కవాళ్ళు లేచారు. "మురుగేశన్?" అని అడిగాడు కల్నలు. "ఉన్నాడు సాబ్. కుంటుతాడు. పోయినేడు వాడి కూతురి పెళ్ళికి మేమిద్దరం పోయొచ్చాం," అన్నాడు చెన్నకేశవులు.

అందరూ నిలబడి ఉంటే నాంచారమ్మ మాత్రం కూర్చునే ఉంది. ఆ పెళ్ళి ఆమె కళ్ళముందుకి వచ్చింది. వేలూరు వీధిలో పందిరి. మురుగేశన్ తల్లి, తొంభైకి దగ్గరపడిన ముసలమ్మ, నాంచారమ్మ రెండు చేతులూ పట్టుకుని కళ్ళకి అద్దుకుని, అరవంలో ఏదేదో చెప్పి ఏడ్చింది. మనవరాలు అత్తారింటికి పోతోందని ఏడుస్తోందనుకుంది నాంచారమ్మ. ఓదార్పుగా వీపు నిమిరి, "ఊరుకోమ్మా, పిల్ల దగ్గరూరికేగా పోయేది," అంది తెలుగులో. ఆ ముసలమ్మ దేనికి ఏడ్చిందో ఇప్పుడు, ఇక్కడ, నరసరావుపేటలో తెలిసింది. ఇంత మంచి సంగతి పక్కన పెట్టుకుని ఈ మనిషి ఇన్నేళ్ళూ నడుంనొప్పి అని చెప్పుకున్నాడు! ఆమెకి ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

"అక్కా, ఈ సంగతి నాకెవురూ చెప్పలేదే!" అన్నాడు శివాజీ.

"నువ్వు అడిగితేగా చెప్పేది. కారెంపూడిలో నువ్వన్న మాట గుర్తుందా?"

"ఏ మాట?"

నాంచారమ్మ చెప్పింది. మాట పొల్లుపోకుండా చెప్పింది. శివాజీకి నిజంగానే గుర్తులేదు. ఆ తిరునాళ్ళలో ఒంటె మీద ఎక్కి కిందపడ్డం గుర్తుంది, పీచుమిఠాయి తినడం గుర్తుంది, ఆ మాట మాత్రం గుర్తులేదు.

భోజనాల దగ్గర శివాజీ విస్తరి ముట్టకుండా బావ వెనక వచ్చి నిలబడ్డాడు. చుట్టూ పదిమంది మాజీ సైనికులు ఉన్నారు. "బావా, అప్పుడు నేను కుర్రతనంలో..." అని ఆగిపోయాడు. నాయకుడికి మాట దొరక్కపోవడం ఆ మండలంలో ఎవరూ చూసి ఉండరు.

చెన్నకేశవులు అతని మొహం చూశాడు. పక్క కుర్చీ లాగాడు. "ఒరేయ్, కూర్చో ముందు. గారెలు ఐపోతన్నయ్. ఆ వడ్డించేవోణ్ణి పిలిచి నాకు రెండు ఏయించు."

శివాజీ పిలవలేదు. తనే పరిగెత్తివెళ్ళి గారెల గిన్నె మొత్తం తెచ్చి బావ ముందు పెట్టాడు.

తిరిగి వచ్చేటప్పుడు కారు వెనకసీట్లో భార్యాభర్తలు కూర్చున్నారు. పిడుగురాళ్ళ సున్నపుబట్టీల పొగ దాటాక చెన్నకేశవులు అన్నాడు.

"ఏమే, నట్ల డబ్బాలో చెయ్యి పెట్టావా?"

"బెల్టు హుక్కు కోసం పెట్టా."

"నన్ను అడగాల్సిన పన్లా?"

"అడిగితే మోటారు ఏస్తావుగా," అంది నాంచారమ్మ. మళ్ళీ తనే, "నాకన్నా ఎందుకు చెప్పలేదయ్యా?" అంది. అడగడం కాదు, దాదాపు బతిమాలినట్టు.

చెన్నకేశవులు కిటికీలోంచి బయటికి చూశాడు. "వాడట్టా అని అందరూ నవ్వినాక, నేనేం చెప్పినా సాకులాగుంటది. మురుగేశన్ గాడి కాలు అడ్డం పెట్టుకుని నా పరువు కాపాడుకున్నట్టుంటది. ఒకరోజు చెప్పలా, ఇంకోరోజు చెప్పలా. ఆ తర్వాత చెప్పడం చాతగాలా."

ఆయన అలవాటుగా ఎడంపక్కకి ఒరిగితే, ఆ బరువంతా నాంచారమ్మ భుజం మీద పడింది. చానా బరువు. అయినా కదల్లేదు. ముందు సీట్లో శివాజీ అద్దంలో వాళ్ళని చూసి, మర్యాదగా అద్దం పక్కకి తిప్పుకున్నాడు.

మర్నాడు పొద్దున ఎనిమిదింటికే మర దగ్గర జనం. సభలో ఎవరో ఫోనుతో తీసిన వీడియో ఊరంతా తిరిగింది. మిరపకాయలు తెచ్చినవాళ్ళు, జొన్నలు తెచ్చినవాళ్ళు, ఏమీ తేకుండా వచ్చినవాళ్ళు కూడా. ఒకరు అడిగేలోపు ఇంకొకరు అడుగుతున్నారు. చెన్నకేశవులు మొదట రెండు మాటల్లో చెప్పాడు. పదింటికి ఐదు నిమిషాలు పట్టింది. పదకొండింటికి జొన్నబస్తా ఒకటి మురుగేశన్ అయింది, పిండి డబ్బాలు మందుపెట్టెలయ్యాయి. మర పని మొత్తం నాంచారమ్మ మీద పడింది. ఆమె అదిలించలేదు. ప్రతిసారీ గింజ పోస్తూనే చెవి ఒగ్గి వింది. మురుగేశన్ ఒక్కోసారికి ఒక్కో పది కిలోలు పెరుగుతున్నాడు.

పన్నెండింటికి చెన్నకేశవులు ఏడోసారి బస్తా చంకల్లో చేతులు వేసి నడుం వంచాడు. మూట పక్కన పెట్టుకుని పొద్దుటి నుంచి కూర్చున్న సీతమ్మవ్వ ఇక తట్టుకోలేకపోయింది.

"ఒరేయ్ కేశవులూ, నువ్వు చానా గొప్పోడివే, కాదన్లా. ముందు నా సజ్జలు ఆడించరా నాయనా. ఆనక ఎంతసేపైనా ఒంగుదువుగాని."